తుంబురు తీర్థ ముక్కోటికి నాన్నతో వెళ్తున్నా, కోనలో రాత్రి టెంట్ వేసుకోవచ్చా?

చింతచెట్టు_కింద:

అందరికీ నమస్తే. మాది పీలేరు దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. మా నాన్నకు ఇప్పుడు 63 ఏళ్లు. పెళ్లికి ముందు, 1980లలో, స్నేహితులతో కలిసి తిరుమల దగ్గర శేషాచలం అడవిలో ఉన్న తుంబురు తీర్థానికి నడిచి వెళ్లి, పౌర్ణమి రాత్రి కోనలోనే ఒక బండ మీద పడుకున్నారట. రెండు పక్కలా కొండ గోడలా లేచి ఉంటుందని, పైన సన్నగా ఆకాశం కనిపిస్తుందని, చంద్రుడు నడినెత్తికి వచ్చిన కాసేపు మాత్రం నీళ్ల అడుగున రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చని చెబుతారు. చిన్నప్పటి నుంచి ఇది వింటూ పెరిగాను.

ఆ తర్వాత ఆయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరుగా చేశారు. ముక్కోటి అంటే ఏటా ఒక పౌర్ణమికి జనం ఆ తీర్థానికి వెళ్లే పండుగ. బాగా రద్దీ, ఆ రోజు డ్యూటీ తప్పదు. ఏటా జనాన్ని నడక మొదలయ్యే పాపవినాశనం దాకా తీసుకెళ్లి దించడం, ఖాళీ బస్సు వెనక్కి తిప్పుకోవడం. అక్కడి నుంచి ముందుకు ఒక్క అడుగు వేయడానికి కుదరలేదు. ఇప్పుడు రిటైర్ అయ్యారు. సంక్రాంతికి ఇంటికి వెళ్తే, "తుంబురుకు ఒకసారి పోదామా పాపా" అని ఆయనే అడిగారు.

నేను కర్ణాటకలోని కుమారపర్వతం రెండుసార్లు ఎక్కాను, ఇద్దరు పట్టే టెంట్ ఉంది. నాన్నకు కుడి మోకాలు కొంచెం ఇబ్బంది, దిగేటప్పుడు ఎక్కువ. నాకు తెలియాల్సింది ఇది: ముక్కోటి రాత్రి కోనలో ఉండనిస్తారా? లేకపోతే వేరే రోజు, కొండకు అవతల కోడూరు వైపున్న కుక్కలదొడ్డి నుంచి వెళ్లి ఉండొచ్చా? ఆ మోకాలితో ఆయన నడవగలరా? వెళ్లినవాళ్లు చెప్పండి.

తిరుచానూరు_వాడు:

అక్కా, రాత్రి ఉండనివ్వరు. పాపవినాశనం దగ్గర గేటు తెరిచే టైము, మూసే టైము టీటీడీ ముందే ప్రకటిస్తుంది. ఆ టైము దాటితే లోపలికి పంపరు, లోపల ఉన్నవాళ్లను బయటికి పంపేస్తారు. వంట సామాను, కర్పూరం తీసుకెళ్లనివ్వరు. గుండె జబ్బు, ఆస్తమా, బాగా లావు ఉన్నవాళ్లు రావద్దని కూడా ప్రకటనలో ఉంటుంది.

తేదీ మాత్రం మార్చి పౌర్ణమే అనుకుని టికెట్లు తీసుకోవద్దు. మీనమాసంలో ఉత్తరఫల్గుణి నక్షత్రం కలిసిన పౌర్ణమి లెక్క. 2024లో మార్చి 24, 25. 2025లో ఏప్రిల్ 11, 12కు పడింది. మా అన్న మార్చిలో సెలవు పెట్టుకుని వచ్చి ఉత్త చేతులతో వెనక్కి పోయాడు.

కోడూరు_రైతు:

అమ్మా, మాది రైల్వే కోడూరు పక్కన పల్లె. అరటి, బొప్పాయి వేస్తాను. 1994లో మా పెదనాన్న వెంట మొదటిసారి తుంబురుకు పోయాను, ఇప్పటికి పద్దెనిమిది సార్లు అయింది. మీ నాన్నగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

కోనలో రాత్రి వద్దు. కుక్కలదొడ్డి వైపు నుంచి ఎవరికీ చెప్పకుండా అసలే వద్దు. అది ఎర్రచందనం అడవి. రాత్రుళ్లు స్మగ్లర్లను పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లు గాలిస్తూ ఉంటారు, దుంగలు మోసేవాళ్లూ తిరుగుతుంటారు. చీకట్లో ఎవరు ఎవరో తెలియని చోట టెంట్‌లో లైటు వేసుకుని ఉండటం మంచిది కాదు. పైగా నేషనల్ పార్కు, అనుమతి లేకుండా అడుగుపెడితే కేసు. ఇదంతా రూల్ సంగతి. రూల్ అడిగేవాళ్లు లేని కాలంలో కోనల్లో పడుకున్నవాడిగా ఇంకో సంగతి చెప్తాను.

2005 నవంబర్. మా ఎద్దులు రెండు అడవిలో తప్పిపోతే, నేనూ మా బావమరిదీ వెతుక్కుంటూ ఊరి పైనున్న ఒక కోనలోకి పోయాం. పొద్దు పోయింది. గుండం పక్కన మెత్తటి ఇసుక, చీలమండ లోతు నీళ్లు. సద్ది తిని అక్కడే పడుకున్నాం. నెత్తిన చుక్కలు కనిపిస్తున్నాయి. పడమర పక్క ఎక్కడో మెరుపులు, ఉరుము కూడా వినబడనంత దూరం. మాకేం అనుకున్నాం.

అర్ధరాత్రి దాటాక వాసనకు మెలకువ వచ్చింది. కుళ్లిన ఆకు, తడి మన్ను కలిసిన వాసన. టార్చి వేస్తే నీళ్ల మీద ఎండుటాకులు వరస కట్టి పోతున్నాయి, అంచున గోధుమ రంగు నురగ. సాయంత్రం ఆ నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇంతలో చప్పుడు, దూరంగా గూడ్సు బండి వంతెన మీద పోతున్నట్టు. నీళ్ల అడుగున బండలు దొర్లే చప్పుడది. బావమరిది చొక్కా పట్టి లాగి, తెల్లమద్ది వేళ్లు పట్టుకుని గట్టు ఎక్కించాను. ఒక బీడీ కాల్చేంత సేపట్లో మేం పడుకున్న చోట మనిషి ఛాతీ లోతు నీళ్లు. దుప్పట్లు, సద్ది గిన్నె, వాడి చెప్పులు అన్నీ పోయాయి. తెల్లారేదాకా ఆ చెట్టు మొదట్లో ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. మా మీద ఒక్క చినుకు పడలేదు.

కోన అంటే అదమ్మా. వాన మన నెత్తిన పడక్కర్లేదు. పైన మైళ్ల కొద్దీ రాతి బండ, నీళ్లు ఇంకే మన్ను తక్కువ. పడిందంతా వంకల్లోకి, వంకల్లోంచి ఒక్క ఇరుకు సందులోకి వస్తుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి మా ప్రాంతం వాళ్లం మర్చిపోలేం.

మీకు ట్రెక్కింగ్ అలవాటు ఉంది కాబట్టి ఒక్క గుర్తు చెప్తా, ఏ కోనకు పోయినా పనికొస్తుంది. గట్టున ఉన్న పొదలు, కొమ్మలు చూడండి. ఎండిన గడ్డి, పుల్లలు, చిరిగిన ప్లాస్టిక్ కవర్లు జడలు కట్టి వేలాడుతుంటాయి. పోయిన వరద అంత ఎత్తున వచ్చిందన్నమాట. తుంబురులో కొన్నిచోట్ల అవి నా తల కంటే పైన ఉంటాయి. వాటి కంటే కింద మూట దించి అన్నం తినొచ్చు, నిద్ర మాత్రం పోకూడదు.

ముక్కోటి నాటికి ఎండలు వచ్చేస్తాయి కాబట్టి వరద భయం తక్కువ. అప్పుడు చూసుకోవాల్సింది తేనెటీగలు. గోడల్లాంటి ఆ కొండ అంచులకు చేటలంత తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. అరుపులు, ఈలలు, పొగ, సెంటు వద్దు. గడ్డి అంతా ఎండి ఉంటుంది, అగ్గిపుల్ల జేబులో కూడా పెట్టుకోకండి.

ఇక దారి. మేం పోయినప్పుడల్లా సొంత బండ్లు గోగర్భం దగ్గర ఆపేశారు, అక్కడి నుంచి బస్సు. పాపవినాశనం డ్యామ్ నుంచి నడక ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది ఒక వైపే. సనకసనందన తీర్థం దాకా ఫరవాలేదు. తర్వాత గడ్డి మైదానం, చందనం చెట్లు, నీడ తక్కువ. అక్కడ పొద్దెక్కకముందే దాటాలి. కష్టమంతా కోనలోకి దిగే చోట. తాళ్లు కడతారు, కొన్నిచోట్ల నిచ్చెన కూడా ఉంటుంది. దిగాక బండల మీద నుంచి బండల మీదకి అడుగులు. ఎండిన బండ మీద భయం లేదు, తడిసి నల్లగా మెరిసే బండ మీద నాచు ఉంటుంది. తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పే గుహ కోనలోనే ఉంది. చివరికి కొండ రెండుగా చీలినట్టు ఉండే సందు. నీళ్లలో నడుము దాకా దిగి పోవాలి, కొన్నేళ్లు ఇంకా లోతు. మధ్యాహ్నం కూడా ఎండ సరిగ్గా తగలని చోటు, నీళ్లు జిల్లుమంటాయి.

మోకాలి సంగతి ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. ఒక పని చేయండి. ముక్కోటికి నెలన్నర ముందు ఆయన్ని తిరుమలకు నడిచే మెట్ల దారి శ్రీవారి మెట్టు ఎక్కించి, అదే రోజు నడిపించే దించండి. 2,388 మెట్లు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగిన మర్నాడు పొద్దున ఆయన మామూలుగా లేచి నడిస్తే తుంబురుకు రాగలరు. మోకాలు వాస్తే ఈ ఏడు ఆపండి.

రాత్రి అడవిలో ఉండాలని మీ కోరికైతే ముందు రోజో తర్వాత రోజో తలకోనలో గది తీసుకోండి, లేదా మామండూరు ఫారెస్టు బంగళా అడిగి చూడండి. టెంట్‌లోనే ఉండాలంటే నల్లమలలో ఆత్మకూరు దగ్గర బైర్లూటి క్యాంపు ఉంది, చెంచులే చూసుకుంటారు.

ఒకటి అడుగుతాను. మీ నాన్నగారు పడుకున్న బండ దగ్గర గుర్తులు ఏమైనా చెప్పారా?

ఘాట్‌రోడ్_రాళ్లు:

కోడూరు అన్న చెప్పినదానికి కారణం రాతిలోనే ఉంది. నేను తిరుపతిలో జియాలజీ చదివాను కాబట్టి ఒక ముక్క కలుపుతున్నా. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి గాజంత బిరుసైన రాయి. అది అంత తేలిగ్గా అరగదు, నిలువు పగుళ్ల వెంట దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతుంది. అందుకే మన కోనలు పళ్లెంలా వెడల్పుగా కాక, కత్తితో కోసినట్టు ఉంటాయి. అంత ఇరుకులోకి నీళ్లు వస్తే పక్కకు పోయే చోటు లేక పైకి లేస్తాయి.

ఘాట్ రోడ్డులో ఈ క్వార్ట్‌జైట్ కింద పాత గ్రానైట్ కనిపించే చోట జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు ఉంది. ఆ రెండు రాళ్లు ఏర్పడిన కాలాల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. మీ నాన్నగారు వేలసార్లు ఆ బోర్డు ముందు నుంచి బస్సు నడిపి ఉంటారు. ఈసారి కారు ఆపి, చెయ్యి పెట్టి చూపించండి. కింది రాయి గరుకుగా, చుక్కచుక్కగా ఉంటుంది. పైది నున్నగా పొరలు పొరలుగా ఉంటుంది.

చింతచెట్టు_కింద:

అందరికీ చాలా థ్యాంక్స్. టెంట్ బెంగళూరులోనే ఉంచేస్తున్నా. కోడూరు అన్న రాసింది ఫోన్‌లో నాన్నకు మొత్తం చదివి వినిపించాను. ఎద్దుల దగ్గరికి వచ్చేసరికి "చదువు, ఆపొద్దు" అన్నారు. చివర, "మేం పడుకున్నప్పుడు ఇవేం తెలియవు, దేవుడు కాపాడాడు" అన్నారు. శ్రీవారి మెట్టుకు వచ్చే శనివారం వెళ్తున్నాం. మోకాలు నొప్పి పెట్టినా నాకు చెప్పరేమోనని టెన్షన్, అందుకే ఆదివారం కూడా అక్కడే ఉండి చూస్తా.

గుర్తులు అడిగారు కదా. బండలో రోలు లాంటి గుండ్రటి గుంత ఉండేదట, మోకాలి లోతు. అందులో నీళ్లు నిలిచి ఉంటే ఆ నీళ్లతోనే అటుకులు నానబెట్టుకున్నారట. పక్కనే తెల్లమద్ది చెట్టు, దాని నీడ బండ మీద పడేదని చెప్పారు.

కోడూరు_రైతు:

తెలిసింది అమ్మా. ఆ గుంత ఉంది. అడుగున గుండ్రాళ్లు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి, సుడి తిరిగే నీళ్లలో అవే తిరిగి తిరిగి అంత గుంత చేశాయి. మా వాళ్లు దాన్ని రోలుబండ అంటారు. కోనలోకి దిగాక, తాడు కట్టే మొదటి చోటు దాటి ఎడమ గట్టున చూడండి, మనిషి నడుము ఎత్తులో ఉంటుంది.

చెట్టు మాత్రం లేదు. 2021 వానల తర్వాత నేను పోయేసరికి కొట్టుకుపోయింది, వేళ్లు ఇంకా బండ పగుల్లో ఇరుక్కుని ఉన్నాయి. నాన్నగారికి అక్కడికి పోయాక కాకుండా ముందే చెప్పండి.

చిత్రాన్నం రెండు పొట్లాలు ఎక్కువ కట్టుకోండి. వెదురు కర్ర నేను కోసి తెస్తా, నాన్నగారి ఎత్తు ఎంతో రాయండి. మొదటి బస్సుకు గోగర్భం దగ్గర ఉంటాను.