కంప్రెసర్ ఆన్ అవగానే పీసీలో లాగర్ పోర్టు మాయం

గుంటూరు_కోల్డ్:
మిర్చి కోల్డ్ స్టోరేజీ అండీ. నాలుగు ఛాంబర్లలో 16 పీటీ100 సెన్సార్లు (ఉష్ణోగ్రత కొలిచేవి), వాటిని చదివే 8 ఛానళ్ల మాడ్యూల్స్ రెండు. అక్కడి నుంచి ఆర్‌ఎస్-485 లైను (ఏ, బీ అనే రెండు వైర్ల డేటా లైను) 70 మీటర్లు నడిచి ఆఫీసులో యూఎస్‌బీ కన్వర్టర్‌కి వస్తుంది. ప్రోటోకాల్ మోడ్‌బస్, స్పీడ్ 9600. కంప్రెసర్ ఆగి ఉన్నంతసేపూ రీడింగులు బాగానే వస్తాయి. 40 హెచ్‌పీ మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు పీసీలో ఆ కన్వర్టర్ కామ్ పోర్టు మాయమవుతోంది. రెండు సెకన్లకు డివైస్ మేనేజర్‌లో మళ్ళీ కనబడుతుంది గానీ రీడింగులు రికార్డు చేసే లాగర్ సాఫ్ట్‌వేర్ మాత్రం పోర్టు తెరవదు. డ్రైవర్ మార్చాం, పీసీ మార్చాం, అదే వరస. ఛాంబర్ల నిండా సరుకుంది, రికార్డులో గంటలకొద్దీ ఖాళీలు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బెజవాడ_ప్యానెల్:
పీసీ మార్చినా పోలేదంటే డ్రైవర్ జోలికి ఇక వెళ్ళకండి. ముందు చివరి రీడింగ్ టైము చూడండి. స్టార్ట్ బటన్ నొక్కగానే పోతోందా, కొన్ని సెకన్లాగి మోటార్ స్టార్ (తక్కువ ఓల్టేజీ) కనెక్షన్ నుంచి డెల్టా (పూర్తి ఓల్టేజీ)కి మారేటప్పుడా? డెల్టా దగ్గరైతే కాంటాక్టర్ల (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చుల) నుంచి వచ్చే ఓల్టేజీ స్పైకే కారణమని నా అనుమానం.

తర్వాత పీసీ బదులు ల్యాప్‌టాప్ పెట్టి, ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. అప్పుడు పోర్టు నిలబడితే కరెంటు ఎర్తింగ్ దారిన తిరుగుతోందన్నమాట. పీసీ క్యాబినెట్‌కీ ప్యానెల్ ఎర్త్ బార్‌కీ మధ్య మీటర్ ఏసీ ఓల్ట్స్‌లో పెట్టి, మోటార్ స్టార్ట్ చేయించి చూడండి. 485 చిప్ రెండు చివర్ల గ్రౌండ్ల మధ్య తేడాని సుమారు మైనస్ 7 నుంచి ప్లస్ 12 ఓల్టుల దాకానే తట్టుకుంటుంది.

పవర్ ఆపి ఏ, బీ వైర్ల మధ్య ఓమ్స్ కూడా కొలవండి. లైను రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉండాలి కాబట్టి 60 దగ్గర రావాలి.

గుంటూరు_కోల్డ్:
డెల్టాకి మారేటప్పుడే పోతోందండీ. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పోర్టు పోలేదు, కానీ సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా చెడిపోయి వచ్చిందని చెప్పేవి) అప్పుడప్పుడూ వస్తున్నాయి. ఏ-బీ మధ్య 40 ఓమ్స్ చూపించింది.

బెజవాడ_ప్యానెల్:
40 అంటే 120 ఓమ్స్ రెసిస్టర్లు మూడు ఉన్నాయి. కన్వర్టర్ లోపల ఒకటి, మాడ్యూల్స్ రెండింటిలోనూ రెసిస్టర్‌ని కలిపే జంపర్ ఆన్‌లో ఉండి ఉంటుంది. లైను మధ్యలో ఉన్న మాడ్యూల్ జంపర్ తీసేయండి, చివరిదానికి ఉంచండి. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఏ-బీ మధ్య కనీసం 200 మిల్లీఓల్టులు ఉండాలి. లేకపోతే 5 ఓల్టుల సప్లై నుంచి ఒక వైరుకు, గ్రౌండ్ నుంచి రెండో వైరుకు 560 ఓమ్స్ చొప్పున పెడితే దాదాపు 250 వస్తుంది.

కన్వర్టర్ తీసేసి ఐసోలేటెడ్ రకం (పీసీ వైపూ లైను వైపూ కరెంటుపరంగా కలవనిది) పెట్టండి. దానికి ఏ, బీ రెండే కలిపి ఊరుకోకండి, మూడో వైరుగా గ్రౌండ్ కూడా మాడ్యూల్ దాకా వెళ్ళాలి. కేబుల్ షీల్డ్‌ని (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగుని) ఎర్త్‌కి ఒక్క చివరే కలపండి.

కాయిల్_చూడు:
స్పైక్‌ని పుట్టిన చోటే ఆపడం ఇంకా మేలు. స్టార్టర్‌లోని మూడు కాంటాక్టర్లకూ కాయిల్ టెర్మినళ్లు ఏ1, ఏ2 మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. కెపాసిటర్ ఎక్స్2 రకం, 275 ఓల్టుల ఏసీదే అడగండి. కాయిల్ 230 ఏసీ అయితే డయోడ్ పెట్టవద్దు, షార్ట్ అవుతుంది. ఈ పని మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే. 485 కేబుల్ మోటార్ కేబుల్‌తో ఒకే ట్రేలో పోతుంటే ఒక అడుగన్నా దూరం జరపండి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి.

పోర్టు కనబడుతున్నా తెరుచుకోకపోవడం మాత్రం సాఫ్ట్‌వేర్ తప్పు. పోర్టు పోకముందు తెరిచిన పాత హ్యాండిల్‌ని (పోర్టుతో ఉన్న కనెక్షన్‌ని) వదలకుండా పట్టుకుని కూర్చుంటుంది. ఎర్రర్ రాగానే పోర్టు మూసి, 5 సెకన్లాగి మళ్ళీ తెరిచేలా సెట్టింగ్ ఉందేమో చూడండి. లేకపోతే లాగర్ సర్వీసునే రీస్టార్ట్ చేసే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి. కన్వర్టర్‌ని ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ సాకెట్‌లో ఉంచండి. సీరియల్ నంబర్ లేని చౌక చిప్‌లైతే సాకెట్ మారగానే కామ్ నంబర్ కూడా మారుతుంది.