ఎనిమోన్ చోటు మారుతుంటే లైట్ పెంచాలా, ఫ్లో మార్చాలా?

ఉప్పునీళ్లు (హైదరాబాద్):

ఉప్పునీటి ట్యాంకులో ఎవరి ఎనిమోన్ (రాయికి అతుక్కుని బతికే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) చోటు మారినా, కాస్త ముడుచుకుపోయినా వెంటనే వచ్చే సలహా ఒక్కటే: లైట్ చాలట్లేదు, పెంచు. ఆ సలహా విని నా ఎనిమోన్‌ని దాదాపు చంపుకున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నా, ముందు చూడాల్సింది ఫ్లో, అంటే నీళ్ల కదలిక. లైట్ సంగతి తర్వాత.

నాది 3 అడుగుల ట్యాంక్, 200 లీటర్ల లోపే, పెట్టి 14 నెలలైంది. బబుల్ టిప్ జాతి ఎనిమోన్ తెచ్చినప్పుడు అరచేయంత ఉంది, ముదురు గోధుమ రంగు, చివర్లు గులాబీ. మొదటి వారం రాయి మీదే కూర్చుంది. కానీ ఒక పక్క టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్ల లాంటి పోగులు) ఎప్పుడూ రాయికి అతుక్కుపోయినట్టు వంగి ఉండేవి, రెండో పక్కవి మాత్రం చక్కగా పొంగి ఉండేవి. అదెందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎనిమిదో రోజు నడక మొదలెట్టింది. కొన్న షాపులో అడిగితే లైట్ పెంచమన్నారు, నేను ఎల్ఈడీని 40 శాతం నుంచి ఒకేసారి 75కి పెంచేశాను. తొమ్మిది రోజుల్లో గోధుమ రంగంతా దిగిపోయి పాలిపోయింది, వెళ్లి రాళ్ల వెనక చీకట్లో దూరింది.

ఒక రాత్రి టార్చి వేసి చూస్తుంటే అప్పుడు తట్టింది. వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లని తోసే పంపు) మూతి సరిగ్గా అది మొదట కూర్చున్న రాయి వైపే ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మొహాన గాలి ఎలా కొడుతుందో, దానికి 24 గంటలూ అదే పరిస్థితి. వేవ్‌మేకర్‌ని ముందు గాజు వైపు తిప్పాను, నీళ్లు గాజుకు తగిలి చెదిరి వెనక్కి వచ్చేలా. లైట్ 35కి దించాను. నాలుగో రోజుకి బయటికొచ్చి జానెడు దూరం నడిచి ఒక పగుల్లో కాలు (రాయిని పట్టుకునే అడుగు భాగం) దించి ఆగింది. ఏడు వారాలైంది, కదల్లేదు. రంగు కూడా మెల్లగా తిరిగొస్తోంది. మరి అందరం లైట్ దగ్గరే ఎందుకు మొదలెడతాం?

నీలికాంతి (బెంగళూరు):

ఉప్పునీళ్లు గారూ, మీరు లైటూ ఫ్లో రెండూ ఒకే రోజు మార్చారు, మంచి జరిగితే మార్కులన్నీ ఫ్లోకే వేశారు. ఇది ఒప్పుకోలేను.

బబుల్ టిప్ ఒంట్లో ఆల్గే (కంటికి కనపడనంత చిన్న నాచు) ఉంటుంది, ఆ గోధుమ రంగు దానిదే. అది వెలుతురుతో చేసే చక్కెరలే ఎనిమోన్‌కి అసలు తిండి, మనం వేసే రొయ్య ముక్క పైన చట్నీ లాంటిది. కాబట్టి లైట్ అంటే అన్నం. ఫ్లో తప్పయితే ఒక్క రోజులో తెలుస్తుంది, మీకే టెంటకిల్స్ వంగి కనిపించాయి. లైట్ తక్కువైతే అలా తెలియదు. రెండు మూడు నెలలపాటు బాగానే ఉన్నట్టుంటుంది, అరచేయంత ఉన్నది కప్పు మూతంత అవుతుంది, వెలుతురు అందుకోవడానికి కాడ సాగదీసి పైకి చాచుతుంది, మనం బాగా విచ్చుకుందని సంతోషపడతాం, తర్వాత ఒక ఉదయం నోరు తెరిచి ఉంటుంది. ఇలా పోయిన ఎనిమోన్లను మా ఊళ్లోనే మూడు ట్యాంకుల్లో చూశాను. మూడింటి మీదా ఉన్నవి మొక్కల ట్యాంకులకి వాడే తెల్ల ఎల్ఈడీలే, వాట్లు చూసి కొన్నవి.

నేను చూసిన ఆరోగ్యమైన బబుల్ టిప్స్ దగ్గర పార్ (ఆల్గే వాడుకోగల వెలుతురు కొలత) 120 నుంచి 220 దాకా ఉంది. మాగ్నిఫికా జాతికి 300 పైన ఉంటే గానీ నాకు నమ్మకం కుదరదు. మీ 75 శాతం అంటే ఎంత? 35 అంటే ఎంత? కొలవకుండా లైట్‌ని తప్పుపట్టలేం, వెనకేసుకురాలేం.

కొత్తట్యాంకు (విజయవాడ):

ఒక డౌట్ అండీ. నాది 40 లీటర్ల చిన్న ట్యాంక్. స్కాట్లాండ్‌లో ఒక ఎనిమోన్ గాజు జాడీలో దాదాపు 60 ఏళ్లు బతికిందని చదివాను, అప్పట్లో ఎల్ఈడీ లేదు, వేవ్‌మేకర్ లేదు. మరి మనకి ఇంత ఖర్చు ఎందుకు? నీళ్లు మారుస్తూ తిండి పెడితే చాలదా?

భీమిలిరాయి (విశాఖ):

కొత్తట్యాంకు గారూ, మీరు చదివింది నిజమే. 1828లో జాన్ డాలియెల్ నార్త్ బెర్విక్ తీరంలో పట్టి తెచ్చాడు, ఆయన పోయాక చేతులు మారుతూ 1887 దాకా ఎడిన్‌బరోలో బతికింది, దానికి గ్రానీ అని పేరు కూడా ఉంది. కానీ అది బీడ్‌లెట్ జాతి. చల్లటి నీళ్లలో, అలలు తగిలే రాళ్ల మీద ఉండే ఎర్రటి చిన్న ఎనిమోన్. దాని ఒంట్లో ఆల్గే ఉండదు, అందుకే వెలుతురు మీద ఆధారపడదు. తిండి దొరికితే చాలు. ఆటు వచ్చినప్పుడు నీళ్లు లేకుండా గంటల తరబడి ఓర్చుకునే జీవి అది. బబుల్ టిప్‌ని జాడీలో పెడితే వారాలు కూడా గడవదు. పేరు ఒకటే, బతుకు వేరు.

ఇక అసలు గొడవకి వస్తా. విశాఖలో ఆటు సమయంలో రాళ్ల దగ్గరికి వెళ్తే ఎనిమోన్లు కనిపిస్తాయి. నీళ్లు దిగిపోయినప్పుడు జిగురు ముద్దలా ముడుచుకుని, ఒంటి మీద ఇసుక, గవ్వ ముక్కలు అంటించుకుని ఉంటాయి, తెలియనివాళ్లు తొక్కేస్తారు. గుంటలో నీళ్లు ఉన్నచోట మాత్రం విచ్చుకుని ఉంటాయి. ఒకసారి అరగంట పైగా మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అల లోపలికి వస్తే టెంటకిల్స్ అన్నీ కొండ వైపు వాలతాయి, అల తీస్తే సముద్రం వైపు వాలతాయి, మధ్యలో ఒక్క క్షణం నిలువుగా నిలబడతాయి. దెబ్బ బలంగానే ఉంటుంది, అయినా కాలు కదలదు. ఎందుకంటే ఏ పక్కా ఆగకుండా కొట్టదు. మన వేవ్‌మేకర్లు చాలామంది ఒకే స్పీడులో ఒకే దిక్కుకి పెట్టి వదిలేస్తారు. ఉప్పునీళ్లు గారి ఇబ్బంది ఫ్లో ఎక్కువై కాదు, ఒకే వైపు నుంచి వచ్చి అని నా నమ్మకం.

ఉప్పునీళ్లు (హైదరాబాద్):

నీలికాంతి గారూ, రెండూ ఒకేసారి మార్చాననేది నిజం, ఆ తప్పు నాదే. అందుకే మీ మాట చదివాక లైట్ ముట్టుకోకుండా వేవ్‌మేకర్ ఒక్కటే పాత దిక్కుకి తిప్పి చూశాను. గాజు మీద బయటి వైపు మార్కర్‌తో దాని కాలు అంచు దగ్గర గీత గీశాను. మొదటి రోజు ఏమీ లేదు, టెంటకిల్స్ ఒక పక్కకి వాలాయి అంతే. రెండో రోజు సాయంత్రానికి కాలు అంచు ఒక చోట పల్చగా సాగి గీత దాటి వేలెడు బయటికొచ్చింది. ఇంకా చూడబుద్ధి కాలేదు, వెంటనే వెనక్కి తిప్పేశాను. ఒక్క ట్యాంకుతో రుజువైపోయిందని అనను, కానీ నా ట్యాంకులో నడిపించింది లైట్ కాదు.

ఇంకో మాట. మనం లైట్, ఫ్లో అని విడగొట్టి మాట్లాడుతున్నాం కానీ ఎనిమోన్‌కి అవి విడివిడిగా లేవు. పగలు లైట్ పడితే ఒంట్లో ఆల్గే ఆక్సిజన్ పుట్టిస్తుంది, అది బయటికి పోవాలి. చర్మాన్ని ఆనుకుని కదలకుండా ఉండే నీటి పొర మందంగా ఉంటే అది పోదు, లోపలే పోగై కణాలకి హాని చేస్తుంది, అప్పుడు ఎనిమోన్ ఆ ఆల్గేనే బయటికి నెట్టేస్తుంది. బ్లీచింగ్ అంటే అదే కదా. ఆ పొరని పల్చన చేసేది ఫ్లో. ఒకినావాలో 1998 బ్లీచింగ్ తర్వాత కోరల్స్ మీద చేసిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది, నీళ్లు బాగా కదిలేచోట అవి మెరుగ్గా తట్టుకున్నాయి. నేను 75కి పెంచిన రోజుల్లో అది రాళ్ల వెనక నీళ్లు ఆడని మూలకి జరుగుతోంది. ఎక్కువ లైట్, తక్కువ ఫ్లో, రెండు దెబ్బలూ కలిసి పడ్డాయి.

రాత్రి లెక్క ఇంకోలా ఉంటుంది. లైట్ లేదు కాబట్టి ఆక్సిజన్ పుట్టదు, ఎనిమోన్ పీల్చుకుంటూనే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఎర్ర సముద్రం బబుల్ టిప్ మీద, దాంట్లో ఉండే క్లౌన్ ఫిష్ మీదే చేశారు. రాత్రిళ్లు చేప టెంటకిల్స్ మధ్య కదులుతూ నీళ్లు ఆడిస్తుంది, రెండూ కలిసి ఉన్నప్పుడు వాడే ఆక్సిజన్ విడివిడిగా వాడే మొత్తం కంటే ఎక్కువ. అది చదివాక రాత్రి పూట వేవ్‌మేకర్ ఆపడం మానేశాను. మా దగ్గర మే నెలలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకపోతే నీళ్లు 31 డిగ్రీలు దాటిపోతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ, పైగా అర్ధరాత్రి కరెంటు పోతే? లైట్ రెండు రోజులు లేకపోయినా ఎనిమోన్ ఓర్చుకుంటుంది. నీళ్లు ఒక్క రాత్రి కదలకపోతే నాకు నిద్ర పట్టదు. బ్యాటరీ ఎయిర్ పంప్ కొని పెట్టుకున్నా.

డల్లాస్‌ట్యాంక్ (టెక్సస్):

తొమ్మిదేళ్లుగా బబుల్ టిప్స్ పెంచుతున్నా, ఒకటి చీలి చీలి పదకొండయ్యాయి. మీ ఇద్దరి వాదనా బబుల్ టిప్‌కే సరిపోతుంది. హాడోనీ కార్పెట్, లాంగ్ టెంటకిల్ లాంటి ఎనిమోన్ జాతులు ఇసుకలో కాలు దించుకునేవి, వాటికి కావాల్సింది ముందు లోతైన ఇసుక, కాలు ఆనించడానికి అడుగున గాజో రాయో. అది లేకపోతే లైటూ ఫ్లో ఎంత బాగా పెట్టినా తిరుగుతూనే ఉంటాయి. బబుల్ టిప్‌కైనా కాలు దాచుకునే పగులు కావాలి. ఉప్పునీళ్లు గారి ఎనిమోన్ చివరికి ఆగింది పగుల్లో కదా, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకోటి, వేవ్‌మేకర్‌కి జాలీ కట్టారా? మూడో ఏట నాకు జరిగింది చెప్తా. రాత్రి ఎనిమోన్ నడుస్తూ పంపు మీదకి ఎక్కింది, నేను పొద్దున లేచేసరికి నీళ్లు గంజిలా ఉన్నాయి, పంపు లోంచి గులాబీ రంగు పోగులు వేలాడుతున్నాయి, రెండు చేపలు అప్పటికే పోయాయి. మిగతావాటిని బకెట్‌లోకి తీసి, మూడొంతుల్లో రెండొంతుల నీళ్లు మార్చి, నీళ్లు శుభ్రం చేసే కార్బన్ వేసి బయటపడ్డా. ఎనిమోన్ కుదురుకునే దాకా స్పాంజ్ కవర్ తీయకండి. కవర్ వేస్తే ఫ్లో కొంత తగ్గుతుంది, రెండు మూడు రోజులకోసారి కడగాలి, విసుగే. అయినా కడగండి.

నీలికాంతి (బెంగళూరు):

ఉప్పునీళ్లు గారి గీత పరీక్ష నచ్చింది, నడక వరకు మీ మాట ఒప్పుకుంటున్నా. ఆక్సిజన్ లెక్క కూడా సరే. కానీ దాన్నిబట్టి లైట్ తర్వాత అనడం మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు మీది తెల్లబడి కోలుకుంటున్న ఎనిమోన్, ఒంట్లో ఆల్గే సగం కూడా లేదు, తనంతట తాను అన్నం వండుకోలేదు. 35 శాతం దగ్గరే వదిలేస్తే అక్కడే ఉండిపోతుంది. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలవకండి, అవి నీలి వెలుతురుని బాగా తక్కువ చేసి చూపిస్తాయి, మన లైట్లలో ఎక్కువ భాగం నీలమే. దగ్గర్లో ఎవరి దగ్గరైనా పార్ మీటర్ ఉంటే ఒక్క రోజు అడిగి తెచ్చుకోండి. ఈలోగా బఠాణీ గింజంత రొయ్య ముక్క రెండు మూడు రోజులకోసారి ఇవ్వండి. పెద్ద ముక్క వేస్తే రాత్రికి కక్కేస్తుంది, ఆ శ్రమ దానికి ఇప్పుడు వద్దు.

కొత్తట్యాంకు (విజయవాడ):

ఇదంతా చదివాక 40 లీటర్ల దాంట్లో పెట్టకూడదని అర్థమైంది. క్లౌన్ ఫిష్ మాత్రం ఎనిమోన్ లేకుండా ఉండగలదా?

భీమిలిరాయి (విశాఖ):

హాయిగా ఉంటుంది. తమిళనాడులోని మండపం ఊళ్లో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు సెబే జాతి క్లౌన్ ఫిష్ పిల్లల్ని హ్యాచరీలోనే పెంచి చూపించారు. సముద్రంలో వేటాడే చేపల నుంచి కాపాడుకోవడానికి దానికి ఎనిమోన్ కావాలి, ట్యాంకులో ఆ భయం లేదు. చేపని పెట్టుకోండి, ట్యాంక్ ఏడాది నిలకడగా నడిచాక పెద్దదానికి మారితే అప్పుడు ఎనిమోన్ గురించి ఆలోచించండి.

ఉప్పునీళ్లు (హైదరాబాద్):

పార్ మీటర్ ఒక మిత్రుడి దగ్గర దొరికింది. పగులు దగ్గర 35 శాతానికి 85 వచ్చింది, నీలికాంతి గారు చెప్పినట్టు తక్కువే. 75 పెట్టి చూస్తే పాత రాయి దగ్గర 290. కొలిచినంతసేపే, రెండు నిమిషాల్లో మళ్లీ దించేశాను. వారానికి 5 శాతం చొప్పున పెంచుతా, 150 వచ్చాక ఆగుతా. వేవ్‌మేకర్ దిక్కు, స్పీడు, గంటలు ఏవీ మార్చను. జాలీ నిన్ననే కట్టాను. గాజు మీద గీత అలాగే ఉంచాను, లైట్ పెంచిన వారంలో కాలు ఆ గీత దాటితే ఆ రోజే ఇక్కడ రాస్తాను.