పాడుబడ్డ బంగ్లా లేకుండా భయం పుట్టదా?

నెల్లూరోడు:
హారర్ కథకి చీకటి, పాడుబడ్డ ఇల్లు, ఊరి బయట మర్రిచెట్టు ఉండి తీరాలని ఒక ఫ్రెండు వాదన. నాకు నచ్చలేదు. రోజూ పని నడిచే చోటే ఎక్కువ భయపెడుతుందని నేనంటా.

డిగ్రీ అయ్యాక రెండు పంటలు ఇందుకూరుపేట వైపు మా మామ రొయ్యల గుంటలకి రాత్రి కాపలా ఉన్నా. మొదటి వారం చీకటంటే భయపడ్డా, తర్వాత అలవాటైపోయింది. నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లు, అదే ఏరియేటర్లు, రాత్రంతా నీళ్లు చిమ్ముతుంటే ఆ మోతకే నిద్రపట్టేది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఉలిక్కిపడి లేచా. ఎందుకు లేచానో తెలీలేదు. కాసేపటికి అర్థమైంది, ఎక్కడా చప్పుడు లేదు. మంచం మీంచి కాలు కింద పెట్టలేకపోయా. కరెంటు పోయింది, అంతే. కానీ తెల్లారే ముందే నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువుంటుంది, జనరేటర్ ఆలస్యంగా వేసినందుకు మామ తిట్టిన తిట్లు ఇంకో హారర్.

సైదాపురం టార్చి:
అన్నా, నువ్వు భయపడింది మామకి! మా వైపు మూసేసిన మైకా గనులున్నాయి, ఒకసారి రా. టార్చి వేస్తే గోడలో అభ్రకం ముక్కలు తళుక్కుమంటాయి, లోపల్నుంచి ఎవరో మన మీదికి టార్చి తిప్పినట్టు. ఆ గని గురించి నాకెవరూ ఏ కథా చెప్పలేదు. అయినా ఒళ్ళు జలదరించింది. చోటు ఒక్కటే చాలు.

ఒంగోలమ్మాయి:
అసలు చీకటెందుకండీ? మా అమ్మమ్మ మమ్మల్ని రాత్రిపూట ఆపేది కాదు, మిట్టమధ్యాహ్నం బయటికి పోనిచ్చేది కాదు. రోహిణీ కార్తెలో రెండింటప్పుడు మా వీధి చూడండి. తలుపులన్నీ మూసి, కుక్క కూడా అరుగు కింద. అప్పుడు ఎదురింటి గేటు కిర్రుమంటే మీకెలా ఉంటుందో చెప్పండి.

పెన్నగట్టు:
చెవిని మర్చిపోతున్నారు. విక్ టాండీ అనే బ్రిటిష్ ఇంజినీరు పనిచేసే ల్యాబులో పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించేదట. వెతికితే కొత్తగా బిగించిన ఫ్యాను. దాని కంపనం సుమారు 19 హెర్ట్జ్, చెవికి అందదు. 1998లో దాని మీద పేపరు రాశాడు. అందరూ ఒప్పుకున్న సంగతేం కాదనుకోండి. మన నెల్లూరాయనకేమో ఫ్యాన్లు ఆగితే భయం!

నెల్లూరోడు:
ఒంగోలమ్మాయి గారు నా మాటే చెప్పారు, తెలిసిన వీధే కదా. సైదాపురం తమ్ముడూ, గని బాగుంది, ఒప్పుకుంటా. కానీ భయమేస్తే గనికి మళ్లీ పోవు. కథలో అయితే వాడు లోపలికి ఎందుకు దూరాడో చెప్పడానికే నాలుగు పేజీలవుతాయి. నేను మాత్రం మర్నాడు రాత్రి అదే మంచం ఎక్కాలి. 2003లో వర్మ 'భూత్' తీసినప్పుడు దెయ్యాన్ని ముంబై అపార్ట్‌మెంట్‌లో పెట్టింది అందుకేననుకుంటా. సినిమా చూసొచ్చినవాడు ఇంటికి లిఫ్టులోనే పోవాలిగా.

సైదాపురం టార్చి:
నేను గని వదలను. సరేగానీ, కాలు కింద పెట్టలేదన్నావే, మంచం కింద ఏముందనుకున్నావన్నా?

నెల్లూరోడు:
మంచం కింద ఏం లేదబ్బా. అవతలి గట్టు మీద ఏదో నిలబడి, నాలాగే చెవులు రిక్కించి వింటోందనిపించింది.