ఇంటి పన్ను మీద వడ్డీ తగ్గించమని కౌన్సిల్‌ను అడగొచ్చా?

సింగ్‌నగర్ అబ్బాయి:
మా నాన్న 2019 చివర్లో పోయారు. ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అన్నయ్య కడుతున్నాడని నేను, నేను కడుతున్నానని అన్నయ్య అనుకున్నాం. ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. మొన్న చూస్తే 2020 ఏప్రిల్ నుంచి ఒక్క రూపాయి కట్టలేదు. ఇప్పుడు పాత ఆరు నెలల విడతల మీద వడ్డీ అసలును మించిపోయింది. మాది విజయవాడ. మా డివిజన్ కార్పొరేటర్ గారిని కలిస్తే, అర్జీ ఇస్తే నగరపాలక సంస్థ కౌన్సిల్ మీటింగులో ప్రస్తావిస్తానన్నారు. ఇలా అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పటమట అక్క:
తమ్ముడూ, ముందు లెక్క అర్థం చేసుకో. వడ్డీ నెలకు 2 శాతం. ఒక విడత 1,800 అనుకుంటే, మూడేళ్లు ఆగితే 36 నెలలకు 72 శాతం, అంటే 1,296 వడ్డీ. 50 నెలలకి వడ్డీ, అసలు సమానం. మేమూ ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాం. బంగారం తాకట్టు పెట్టి తెచ్చినా ఇంత వడ్డీ పడదు.

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరు నుంచి రాస్తున్నాను. ఒక్క ఇంటికి వడ్డీ తీసేస్తూ కౌన్సిల్ తనంతట తాను నిర్ణయం చేస్తుందని ఆశ పెట్టుకోకండి. 2025 మార్చిలో 50 శాతం వడ్డీ మాఫీ వచ్చింది కదా, అది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది. ఆ నెలాఖరులోగా బకాయి మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకే వర్తించింది. నేను చివరి రోజుల్లో అప్పు చేసి కట్టాను. అలాగని అర్జీ వృథా అనను. కౌన్సిల్ తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపితే నలుగురి మాటా ఒకచోట చేరుతుంది.

భవానీపురం వాసి:
నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఏటా ఏప్రిల్ 30 లోపు మొత్తం కట్టేసి 5 శాతం రాయితీ తీసుకుంటాను. ఆ నెలలో స్కూలు ఫీజుల టెన్షన్ ఉన్నా ఆపను. ఆలస్యం చేసినవాళ్లకి మాఫీ అంటే నాలాంటివాళ్లకి కష్టంగానే ఉంటుంది. కానీ ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఇంటిని, అద్దెలు వచ్చే కాంప్లెక్సును ఒకే గాట కట్టకూడదు. కౌన్సిల్‌లో మాట్లాడేవాళ్లు ఆ తేడా చెప్పాలి.

సింగ్‌నగర్ అబ్బాయి:
మీరు అన్నది న్యాయమే అండీ. నాన్న కూడా మీలాగే. రసీదు వెనక నీలి పెన్నుతో 'కట్టాను' అని రాసి తేదీ వేసేవారు. ఏ ఏడాదీ ఏప్రిల్ దాటలేదు. ఆ రసీదులన్నీ ట్రంకు పెట్టెలో ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు పెట్టె మునిగింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతే అమ్మ డాబా మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటీ విడదీసి ఆరబెట్టింది. వరద సాయం కింద వచ్చిన 25,000 మంచానికి, ఫ్రిజ్‌కు, గోడల రంగుకు అయిపోయింది. పన్ను సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పటమట అక్క:
అమ్మ గురించి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అర్జీలో ఇవన్నీ రాయి. వరద సాయం వచ్చిన బ్యాంకు ఎంట్రీ జిరాక్స్ పెట్టు. దాంతోపాటే పేరు మార్పుకు కూడా పెట్టు, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం కావాలి. వార్డు సచివాలయంలో అడిగితే చెబుతారు. సోమవారం గ్రీవెన్స్‌లో (అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) కూడా ఒక కాపీ ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకో.

బ్రాడీపేట మాస్టారు:
ఇంకొకటి. 2021 ఏప్రిల్ నుంచి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీద వేస్తున్నారు. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్నారు. మీ డిమాండ్ నోటీసులో ఏడాదివారీ అంకెలు సరిచూసుకోండి. కొలతల్లో తప్పుంటే అసలే తగ్గుతుంది, దాని మీది వడ్డీ కూడా. అన్నిటికన్నా ముందు కొత్త విడత ఆగనివ్వకండి. మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30, రెండోది డిసెంబరు 31 దాటితే మళ్లీ వడ్డీ మొదలవుతుంది.

పటమట అక్క:
అసెస్‌మెంట్ నంబర్, అదే మీ ఇంటి పన్ను ఖాతా నంబర్, ఉందా తమ్ముడూ? అది లేకపోతే ఏ పనీ కదలదు.

సింగ్‌నగర్ అబ్బాయి:
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను అక్కా. ఆరబెట్టిన వాటిలో 2017 రసీదు ఒకటి చదవడానికి వీలుగా ఉంది. ఒక్కో అంకె మెల్లగా చదివి చెప్పింది. ఆన్‌లైన్‌లో కొడితే నాన్న పేరే వచ్చింది. అన్నయ్యా నేనూ సోమవారం కలిసి వెళ్తున్నాం.