అప్‌డేట్: ఆటోక్లేవ్ పౌచ్‌లు ఇప్పుడు పొడిగా వస్తున్నాయి

మా డెంటల్ క్లినిక్‌లో ఆటోక్లేవ్ (పరికరాల్ని ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) నుంచి, పరికరాలు పెట్టి సీల్ చేసే కాగితం పౌచ్‌లు తడిగా వస్తున్నాయని, పన్ను పీకే ఫోర్సెప్స్ కీలు దగ్గర గోధుమరంగు మరక పోవట్లేదని పోయిన నెల అడిగాను కదా. రెండూ తీరాయండి.

మీరన్నట్టే తప్పు లోడింగ్‌లో ఉంది. ఒకదానిమీద ఒకటి పేర్చేసేదాన్ని. ఇప్పుడు అంచుమీద నిలబెట్టి, మధ్యలో సందు వదులుతున్నా. 121 డిగ్రీల్లో 30 నిమిషాలయ్యాక, డ్రైయింగ్ ముగిసేదాకా తలుపు ముట్టుకోను. తడి కాగితంలోంచి క్రిములు లోపలికి పోతాయట. అందుకే చెమ్మ తగిలితే కొత్త పౌచ్‌లో పెట్టి మళ్లీ మొదటినుంచీ చేస్తున్నా.

మరక మాత్రం ఎండిన రక్తమే. ఇన్నాళ్లూ కీలు మూసే అల్ట్రాసోనిక్‌లో (ధ్వని తరంగాలతో కడిగే యంత్రం) వేశాం! తెరిచి బ్రష్‌తో రుద్దితే నీళ్లు ఎర్రగా దిగాయి. గుండె ఝల్లుమంది. ఎండిన రక్తం కిందికి ఆవిరి సరిగ్గా చేరదు కదా.

పైన టేపు రంగు మారితే చాలనుకోకుండా పౌచ్ లోపలా ఇండికేటర్ (ఆవిరి, వేడి తగిలితే రంగు మారే పట్టీ) పెడుతున్నాం. వారానికోసారి స్పోర్ టెస్ట్ (మొండి బాక్టీరియా బీజాలు ఆటోక్లేవ్‌లో చచ్చాయో లేదో చూసే పరీక్ష) మొదలెట్టాం, మొదటిది నెగటివ్ వచ్చింది, అంటే ఏవీ బతకలేదు.