వీఎల్‌సీ తెరవగానే మూసుకుపోతుంది, అదే సిస్టమ్‌ల ఇంకో అకౌంట్‌లో మంచిగనే నడుస్తుంది

ఉప్పల్_పాటలపెట్టె

విండోస్ 10 డెస్క్‌టాప్, వీఎల్‌సీ 3. గాలివానకు కరెంట్ పోయినప్పుడు పాటలు నడుస్తున్నయ్. అప్పటి నుంచి ఐకాన్ నొక్కితే ఒక్క క్షణం కనబడి మాయమైతుంది. ఎర్రర్ ఏం చూపిస్తలేదు. తీసేసి కొత్తది దింపి మళ్ల ఎక్కించినా అంతే. నాన్న అకౌంట్‌ల మాత్రం బాగనే తెరుచుకుంటుంది. నా అకౌంట్‌ల విండోస్ మీడియా ప్లేయర్ లైబ్రరీ కూడా ఖాళీగ ఉంది. దుకాణంల ఫార్మాట్ కొట్టాలంటున్రు. కొట్టకుండ అయితదా అన్నా? వీఎల్‌సీ మీడియా లైబ్రరీల పేర్చుకున్న పాత పాటల లిస్టు పోవద్దు.

బోయిన్‌పల్లి_టెక్

ఫార్మాట్ వద్దు తమ్ముడూ. నాన్నగారి అకౌంట్‌లో నడుస్తోందంటే ప్రోగ్రామ్ ఫైల్స్ బాగున్నట్టే. చెడింది నీ ప్రొఫైల్‌లో (విండోస్ నీ అకౌంట్‌కి విడిగా ఉంచే ఫోల్డర్‌లో) ఉన్న సెట్టింగ్స్. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మారేది ప్రోగ్రామ్ ఫోల్డర్ ఒక్కటే. సెట్టింగ్స్ కూడా తుడిచెయ్యమని అన్‌ఇన్‌స్టాలర్‌లో ప్రత్యేకంగా టిక్ పెడితే తప్ప ప్రొఫైల్‌లోని ఫోల్డర్ జోలికి అది వెళ్లదు. ఆ టిక్ పెట్టకు, నీ లిస్టు కూడా అక్కడే ఉంది.

వీఎల్‌సీ పూర్తిగా మూసెయ్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి %యాప్‌డేటా% అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టు. రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులోని వీఎల్‌సీ ఫోల్డర్‌ని డిలీట్ చెయ్యకు, పేరు చివర ‘పాత’ అని కలిపి మార్చు చాలు. ఇప్పుడు వీఎల్‌సీ తెరిస్తే కొత్త ఫోల్డర్ తనే తయారు చేసుకుంటుంది. తెరుచుకుంటే జబ్బు దొరికినట్టే.

పాత ఫోల్డర్‌లో చూడాల్సినవి మూడు. వీఎల్‌సీఆర్‌సీ అనే, ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్‌లో ప్రిఫరెన్సెస్ అన్నీ ఉంటాయి. క్యూటీ-ఇంటర్‌ఫేస్ ఐఎన్‌ఐలో విండో సైజు, స్థానం, ఈమధ్య ఆడినవాటి జాబితా ఉంటాయి. ఎంఎల్ పేరుతో ఉన్న ఎక్స్‌ఎస్‌పీఎఫ్ ఫైలే నీ మీడియా లైబ్రరీ. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరువు. పాటల పేర్లు, దారులు చదవడానికి వస్తుంటే కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో (వీఎల్‌సీ మూసి ఉండగా). సైజు 0 అని చూపించినా, లోపల అంతా ఖాళీ గుర్తులే ఉన్నా అది పనికిరాదు. రాస్తున్న మధ్యలో కరెంట్ పోతే ఫైల్ పేరు మిగులుతుంది, లోపలిది డిస్క్ మీదికి చేరదు. సీ డ్రైవ్ నిండిపోయినా ఇలాగే అవుతుంది, ఎంత ఖాళీ ఉందో కూడా చూడు.

వీఎల్‌సీఆర్‌సీని యథాతథంగా వెనక్కి పెట్టకు, జబ్బు కూడా దానితోనే వస్తుంది. అందులో # తో మొదలయ్యే లైన్లు డిఫాల్ట్ విలువలు. # లేనివే నువ్వు మార్చుకున్నవి. అవి చూసుకుని కొత్తదాంట్లో చేత్తో పెట్టుకోవడం మేలు. తెలుగు సబ్‌టైటిల్స్ వాడితే ఫాంట్ నిర్మలా యూఐ, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉన్నాయో లేదో చూసుకో.

సీతాఫల్‌మండి_మీడియా

పైన చెప్పింది సరైన పద్ధతి. మీడియా ప్లేయర్ సంగతి నేను చెప్తాను. దాని లైబ్రరీ డేటాబేస్ రోమింగ్‌లో ఉండదు, %లోకల్‌యాప్‌డేటా% లోపల మైక్రోసాఫ్ట్, అందులో మీడియా ప్లేయర్ ఫోల్డర్‌లో ఉంటుంది. కరెంట్ డేటాబేస్ అనే పేరు, 372 అంకె ఉన్న ఫైల్ అదే. ముందు సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ మీడియా ప్లేయర్ నెట్‌వర్క్ షేరింగ్ సర్వీస్‌ని ఆపండి. అది నడుస్తుంటే ఫైల్ వాడకంలో ఉందని చెప్పి కదలనివ్వదు. తర్వాత ఆ ఫోల్డర్‌కి పేరు మార్చి ప్లేయర్ తెరవండి. మ్యూజిక్ ఫోల్డర్ని మళ్లీ చదివి లైబ్రరీ కట్టుకుంటుంది. ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలు పోతాయి. మ్యూజిక్ ఫోల్డర్‌లోని ప్లేలిస్టులు మాత్రం విడి ఫైళ్లు, వాటికి ఏమీ కాదు.

వీఎల్‌సీ టాస్క్‌బార్‌లో ఉండి విండో మాత్రం కనబడకపోతే అది వేరే సమస్య. ప్రొజెక్టరో రెండో మానిటరో తీసేసినప్పుడు విండో తెర బయట ఉండిపోతుంది. దానికి క్యూటీ-ఇంటర్‌ఫేస్ ఫైల్ ఒక్కటి పక్కకు తీస్తే సరిపోతుంది.

ఉప్పల్_పాటలపెట్టె

పేరు మార్చంగనే వీఎల్‌సీ తెరుచుకుంది! లిస్టు కూడా వచ్చింది, చాలా థ్యాంక్స్ అన్నా. కానీ ఇయ్యాల సిస్టమ్ ఆన్ చేస్తే ‘మీ అకౌంట్‌లోకి సైన్ ఇన్ కాలేకపోతున్నాం’ అని ఇంగ్లిష్‌ల మెసేజ్. డెస్క్‌టాప్ మీద నా ఫోల్డర్లు ఒక్కటీ లేవు.

బోయిన్‌పల్లి_టెక్

అయితే ప్లేయర్ ఒక్కటే కాదు, విండోస్ ప్రొఫైలే దెబ్బతింది. ఇప్పుడు నువ్వున్నది తాత్కాలిక ప్రొఫైల్. ఇందులో డెస్క్‌టాప్ మీద ఏం సేవ్ చేసినా సైన్ అవుట్ కాగానే పోతుంది, ఏమీ పెట్టకు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి యూజర్ ప్రొఫైల్ సర్వీస్ నుంచి 1511 ఉందేమో చూడు. ఉంటే ఖాయం. నీ ఫైళ్లు చాలామటుకు సీ డ్రైవ్ యూజర్స్‌లో నీ పేరు ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి.

ఒకసారి రీస్టార్ట్ చెయ్. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. యాంటీవైరస్ నీ ప్రొఫైల్‌లోని ఎన్‌టీయూజర్ ఫైల్‌ని పట్టుకుని ఉండటం వల్ల వచ్చిందైతే దాంతోనే పోవచ్చు. పోకపోతే అడ్మిన్ హక్కులున్న ఇంకో అకౌంట్ నుంచి, ముందు నీ ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, రిజిస్ట్రీ ఎడిటర్‌లో (విండోస్ లోపలి సెట్టింగ్స్ మార్చే చోటు) అకౌంట్ల ప్రొఫైల్స్ నమోదై ఉండే ప్రొఫైల్‌లిస్ట్ కీ తెరువు. ఒకే పొడవాటి నంబరు రెండుసార్లు, ఒకటి చివర ‘బాక్’తో కనబడితే, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ నీ ఫోల్డర్‌నే చూపిస్తోందో లేదో సరిచూసుకో. ప్రొఫైల్‌లిస్ట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకో. బాక్ లేనిదానికి పేరు మార్చి, రెండోదాని చివరి బాక్ తీసెయ్. స్టేట్, రెఫ్‌కౌంట్ విలువలుంటే 0 చేసి రీస్టార్ట్ కొట్టు.

అయినా రాకపోతే ఎన్‌టీయూజర్ ఫైల్ చెడినట్టు. నీ అకౌంట్ సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీ అదే, దాన్ని అతుకులేసి లాభం లేదు, కొత్త లోకల్ అకౌంట్ చెయ్యి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, దాంతోపాటు ఆ ఎంఎల్ ఫైల్ కాపీ చేస్తే చాలు. ఎన్‌టీయూజర్‌తో మొదలయ్యేవి, మొత్తం యాప్‌డేటా తీసుకుపోకు.

సీతాఫల్‌మండి_మీడియా

ఒక్కమాట. పాత అకౌంట్ వెంటనే డిలీట్ చేయకండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు ఆ అకౌంట్ తాళంతోనే తెరుచుకుంటాయి, ఫోల్డర్ కాపీ చేస్తే కొత్తదాంట్లో రావు. పాతదాంట్లోకి ఒక్కసారి సరిగ్గా లాగిన్ అవ్వగలిగితే ముందు అవి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో సీ డ్రైవ్‌కి చెక్‌డిస్క్‌ని (డిస్క్‌లో తప్పులు వెతికే కమాండ్) వాటిని సరిచేసే ఎఫ్ స్విచ్‌తో నడపండి, రీస్టార్ట్ తర్వాత చేస్తానంటే వై కొట్టండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టర్లు (డిస్క్ మీద చెడిన, అనుమానమున్న భాగాలు) పెరుగుతూ కనబడితే ఏ ప్రొఫైల్ చేసినా మళ్లీ ఇదే జరుగుతుంది, డిస్క్ మార్చాల్సిందే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో ఎస్ఎస్‌డీ చూసేటప్పుడే 600 వీఏ యూపీఎస్ కూడా అడగండి. కరెంట్ పోయాక సరిగ్గా షట్‌డౌన్ చేసుకునేందుకు మామూలు డెస్క్‌టాప్‌కి అది సరిపోతుంది.