అమ్మ పాటలు టైపు చేసుకోవడానికి ఏ సిస్టమ్ పెట్టించాలి?

ప్రశ్న (చీపురుపల్లి నుంచి)

నమస్కారమండీ. మా ఇంట్లో 2017లో కొన్న లాప్‌టాప్ ఉంది. ఐ3 ఏడో తరం, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పెట్టబోతే ప్రాసెసర్ సరిపోదంటోంది.

నాకు ఆటలు, ఆఫీసు పనులు లేవు. మా అమ్మ పాడే పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు రాసి ఉంచాలి, అంతే. అమ్మకు ఎనభై దాటాయి. రెండు మూడుసార్లు పాడించుకుంటే గానీ చరణాలు వరసగా రావు. ఆవిడ పాట ఎత్తుకోగానే లాప్‌టాప్ తెరుస్తాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఈలోగా అమ్మకు కునుకు పట్టేస్తుంది. ఇప్పటికి నూటపది పాటలు అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఆపిల్ అనే కీబోర్డు వరసలో కొట్టాను. షాపులో ఫార్మాట్ చేయించమంటున్నారు. కిందటిసారి ఒక షాపులో అలాగే చేయిస్తే పన్నెండు పాటలు పోయాయి. అందుకే నాకు టెన్షన్.

జవాబు 1 (శ్రీకాకుళం, డీటీపీ పని)

అక్కా, మీకు విండోస్‌కు బదులు పెట్టుకునే లినక్స్ మింట్ 22, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది. తేలిక, ఉచితం, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, లోపల ఉన్నదేదీ చెరగదు. ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగులో ఆపిల్ వరస కూడా ఉంటుంది, మీ వేళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. గురజాడ, మండలి, సురన్న ఫాంట్లు ఉచితమే.

జవాబు 2 (బొబ్బిలి)

అసలు సంగతి పాత ఫైళ్లు. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని మెషీన్లకూ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని మెషీన్లో తెరిస్తే పాటలన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. కాబట్టి విండోస్ ఉండగానే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, రెండు చోట్ల దాచండి. ఫార్మాట్ మాత్రం వద్దు. ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) కొని కొత్త సిస్టమ్ దాని మీద పెట్టించండి, పాత డిస్కు తీసి అలాగే ఉంచండి. మీ లాప్‌టాప్ నిదానానికి సగం కారణం ఆ డిస్కే.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

ఇద్దరికీ దండాలండీ. ఎస్ఎస్‌డీ వేయించి మింట్ పెట్టించాను. పాత డిస్కు గుడ్డలో చుట్టి బీరువాలో దాచాను. ఆపిల్ వరస ఉంది, వేళ్లు తడబడలేదు. కన్వర్టర్ కొన్ని వత్తులు తినేసింది, ముఖ్యంగా ర వత్తు. అందుకని ఒక్కో పాటా అమ్మకు చదివి వినిపిస్తూ దిద్దుతున్నాను. నిన్న అప్పగింతల పాట చదువుతుంటే మధ్యలో ఆపి, "ఇక్కడ ఇంకో చరణం ఉందే" అని పాడింది. అమ్మ ఆపేలోపే టైపు చేసుకున్నాను. గురజాడ ఫాంట్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే అద్దాలు లేకుండానే చదువుకుంది.